మెరైన్ చేపల పేర్లలో దేన్ని నమ్మాలి?

మీరు మూడు విషయాలు అడిగారు. "రాయల్ గ్రామా" అని తెచ్చుకున్న ఊదా-పసుపు చేప ట్యాంకులో మిగతా వాటిని నిలవనీయకుండా తరుముతోంది. గోబీలను పెంచడం తేలిక అని విని, తర్వాత "మాండరిన్ గోబీ" తేవాలనుకుంటున్నారు. అచ్చం ఒకేలా ఉన్న క్లౌన్ ఫిష్‌కు ఒకచోట పెర్కులా అని, ఇంకోచోట ఓసెల్లారిస్ అని రాసి ఉంది. మూడింటికీ కారణం ఒకటే కాబట్టి కలిపి చెబుతాను. ఈలోగా ఒక్క మాట వినండి. ఆ మాండరిన్‌ను ఇప్పుడే కొనకండి.

ముందు మీ ఇంట్లో ఉన్న చేప సంగతి చూద్దాం. ముందు సగం ఊదా, వెనక సగం పసుపు రంగులో ఉండే చేపలు అమ్మకంలో ప్రధానంగా రెండు ఉన్నాయి. అసలు రాయల్ గ్రామా శాస్త్రీయ నామం గ్రామా లొరేటో. అది పశ్చిమ అట్లాంటిక్ చేప, బహామాస్, కరీబియన్ దీవుల చుట్టూ ఉంటుంది. రెండోది పిక్టిక్రోమిస్ పక్కాగ్నెల్లే. ఇది పశ్చిమ పసిఫిక్ చేప, డాటీబ్యాక్‌ల కుటుంబానికి చెందింది. దీన్ని రాయల్ డాటీబ్యాక్, బైకలర్ డాటీబ్యాక్, ఫాల్స్ గ్రామా అని రకరకాలుగా అమ్ముతారు. చేతులు మారే కొద్దీ "ఫాల్స్", "డాటీబ్యాక్" లాంటి మాటలు రాలిపోయి, చివరికి లేబుల్ మీద రాయల్ అనో గ్రామా అనో మిగులుతుంది.

రెండింటినీ పోల్చుకోవడం కష్టం కాదు. గ్రామాకు ఊదా రంగు పసుపులోకి చుక్కలు చుక్కలుగా కరిగిపోతుంది. డాటీబ్యాక్‌కు రెండు రంగుల మధ్య స్కేలు పెట్టి గీసినట్టు హద్దు ఉంటుంది. గ్రామాకు వీపు రెక్క ముందు భాగంలో ఒక నల్ల మచ్చ, కంటి మీదుగా ఒక నల్లటి గీత ఉంటాయి. డాటీబ్యాక్‌కు ఆ రెండూ ఉండవు, రెక్కలు దాదాపు పారదర్శకంగా కనిపిస్తాయి. నడవడిక కూడా గమనించండి. గ్రామా తన గూటి దగ్గరికి ఎవరైనా వస్తే నోరు తెరిచి బెదిరిస్తుంది, అక్కడితో ఆగుతుంది. రాతి కప్పు కింద పొట్ట పైకి పెట్టి తలకిందులుగా ఈదుతూ కనిపించడం దానికి మామూలే. డాటీబ్యాక్ అలా కాదు. దానికి ట్యాంకు మొత్తం తన హద్దే, తనకంటే పెద్ద చేపను కూడా ఈ మూల నుంచి ఆ మూల దాకా తరుముతుంది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీ దగ్గరున్నది డాటీబ్యాక్ అనే అనుకుంటున్నాను. అదే అయితే రాళ్లు మార్చి చూడటం, మిగతా చేపలకు దాక్కునే చోట్లు పెంచడం కొంతవరకే పనిచేస్తాయి. నెమ్మదైన చిన్న చేపలు ఉన్న ట్యాంకు నుంచి దాన్ని ట్రాప్‌తో పట్టి వేరు చేయడమే మంచిది. తప్పు ఆ చేపది కాదు. దాని స్వభావమే అంత, మీకు ఇచ్చిన పేరే వేరే చేపది.

ఈ గందరగోళం ఎక్కడి నుంచి వస్తుందంటే, వాడుక పేర్లు పెట్టడానికి నియమం ఏదీ లేదు. పట్టేవాళ్లు ఒకటి అంటారు, ఎగుమతిదారు ఇంకొకటి రాస్తాడు, అమ్మేవాళ్లు బాగా పోయే పేరు తగిలిస్తారు. వాళ్లకున్న ఇబ్బంది కూడా చిన్నది కాదు. 2004 మే నుంచి ఒక ఏడాదిపాటు అమెరికాకు వచ్చిన మెరైన్ ఆక్వేరియం చేపల ఇన్వాయిస్‌లను పరిశోధకులు లెక్కపెడితే 1,800కు పైగా జాతులు, కోటీ పది లక్షలకు పైగా చేపలు తేలాయి. ఇన్ని జాతులను సంచుల్లో హడావుడిగా సర్దేచోట పేర్లు తారుమారు కావడంలో వింత లేదు. కాకపోతే ఆ పొరపాటుకు మూల్యం చెల్లించేది చేప. అందుకే నేను పేరు విషయంలో ఇంత పట్టుబడతాను.

"క్లౌన్" అన్న ఒక్క మాట తీసుకోండి. క్లౌన్ ఫిష్ సరే. క్లౌన్ ట్రిగ్గర్ అంటే బలిస్టాయిడిస్ కాన్‌స్పిసిలమ్, పీతల్ని, నత్తల్ని కొరికి నమిలే దవడలున్న పెద్ద చేప. టాంగ్‌లంటే తోక మొదట్లో కత్తిలాంటి ముల్లున్న చేపలు; వాటిలో క్లౌన్ టాంగ్ అంటే అకాంథురస్ లీనియేటస్, విశాలమైన ట్యాంకు, బలమైన ప్రవాహం కావాల్సిన కోపిష్టి. క్లౌన్ గోబీ వేలెడంత కూడా ఉండదు, పగడపు కొమ్మల్లో కూర్చుంటుంది. "బైకలర్" కూడా అంతే. బైకలర్ ఏంజెల్, బైకలర్ బ్లెన్నీ, బైకలర్ ఆంథియాస్, పైన చెప్పిన బైకలర్ డాటీబ్యాక్, వీటిలో ఏ రెండూ ఒక కుటుంబానివి కావు. వాడుక పేరు ఎక్కువసార్లు చెప్పేది చేప రంగు గురించే. మనకు కావాల్సింది అది ఏం తింటుంది, ఎంత పెరుగుతుంది, ఎవరితో సర్దుకుంటుంది అన్నది. ఆ మూడూ జాతిని బట్టి ఉంటాయి.

ఇప్పుడు మాండరిన్. దాని శాస్త్రీయ నామం సింకిరోపస్ స్ప్లెండిడస్. అది గోబీ కాదు, డ్రాగనెట్ అనే వేరే కుటుంబం. స్కూటర్ బ్లెన్నీ అని అమ్మే చేపలూ ఈ కుటుంబానివే, అవి బ్లెన్నీలు కావు. ఇది పుస్తకాల్లో వాదించుకునే తేడా కాదు. చాలా గోబీలు వేసిన మేత తింటాయి, ఇసుకను నోట్లోకి తీసుకుని జల్లించి బతికేవి కొన్ని. లాన్‌మోవర్ బ్లెన్నీ అనే సలారియాస్ ఫాసియేటస్ నిజమైన బ్లెన్నీ, రాళ్ల మీది నాచుపొరను గీరి తింటుంది. డ్రాగనెట్ మాత్రం పగలంతా రాళ్లమీద, ఇసుకమీద కోపిపాడ్ల లాంటి ప్రాణమున్న సూక్ష్మజీవుల్ని ఒక్కొక్కటిగా ఏరుకుంటూ తిరుగుతుంది. ఫ్లేక్, అంటే పలుచని రేకుల్లాంటి ఎండు మేత, వేస్తే చాలాసార్లు దానివైపు చూడను కూడా చూడదు. "గోబీ కదా, ఏదో ఒకటి తింటుందిలే" అని కొత్త ట్యాంకులో వేస్తే మొదట్లో చక్కగా తిరుగుతూ కనిపిస్తుంది. ఉన్న కాసిని కోపిపాడ్లు అయిపోయాక పొట్ట లోపలికి పోతుంది, వెన్ను పక్కన కండ తరిగి గాడిలా పడుతుంది, ఆ తర్వాత దాన్ని నిలబెట్టుకోవడం చాలా కష్టం. ఇంత అందమైన చేప, రోగం లేకుండా, కేవలం ఒక తప్పు పేరు వల్ల ఆకలితో చనిపోవడం నాకు భరించలేని విషయం.

మీకు మాండరిన్ మీద నిజంగా మనసుంటే, లైవ్ రాక్, అంటే సూక్ష్మజీవులు కాపురమున్న సముద్రపు రాళ్లు, బాగా నిండి, నెలల తరబడి స్థిరపడి, రాత్రి టార్చి వేస్తే గాజు మీద తెల్లటి నలుసుల్లా కోపిపాడ్లు పాకుతూ కనిపించే ట్యాంకు అయ్యాక ఆలోచించండి. అదే మేత కోసం పోటీపడే ఇతర చేపలు, ముఖ్యంగా సిక్స్‌లైన్ ర్యాస్ లాంటివి, అందులో లేకపోతే మేలు. ట్యాంకుల్లో పుట్టి పెరిగిన మాండరిన్లు కూడా దొరుకుతున్నాయి, వాటిలో వేసిన మేతకు అలవాటు పడినవి ఉంటాయి. అలాంటిదైనా సరే, అది మీ కళ్లముందు తింటే తప్ప తీసుకోకండి.

గోబీ, బ్లెన్నీ అన్న పేర్లతో ఇంకో ప్రమాదం ఉంది. ఇంజనీర్ గోబీ, కన్విక్ట్ బ్లెన్నీ అనే రెండు పేర్లూ ఒకే చేపవి, ఫోలిడిక్తిస్ ల్యూకోటీనియా. అది గోబీ కాదు, బ్లెన్నీ కూడా కాదు. పిల్లలుగా ఉన్నప్పుడు నల్లటి ఒంటిమీద పొడుగాటి తెల్ల గీతతో గుంపుగా తిరుగుతూ ముచ్చటగా ఉంటాయి. పెద్దయ్యాక పాములా సాగి 34 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి, రాళ్ల కింద సొరంగాలు తవ్వి పైనున్న రాళ్లను కూలగొడతాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, సముద్రపు జెల్ల జాతి ప్లోటోసస్ లీనియేటస్ పిల్లలు కూడా ఇలాగే చారలతో, ఇలాగే గుంపులుగా ఉంటాయి. వాటి వీపు రెక్క, పక్క రెక్కల ముందుండే ముళ్లలో విషం ఉంది. గుచ్చుకుంటే నొప్పి భయంకరంగా ఉంటుంది, ఆసుపత్రికి వెళ్లాల్సి రావచ్చు. నోటి చుట్టూ మీసాలు ఉంటే అది జెల్ల. మీసాలు లేకపోతే ఇంజనీర్. ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు చూడాల్సింది ఇది.

పిల్ల చేపల విషయంలో శాస్త్రజ్ఞులే పొరబడ్డారు కాబట్టి మనం పొరబడితే ఆశ్చర్యం లేదు. ఎంపరర్ ఏంజెల్, అంటే పొమకాంథస్ ఇంపెరేటర్, పెద్దయ్యాక ఒంటినిండా పసుపు గీతలతో ఉంటుంది. పిల్ల చేపేమో ముదురు నీలం మీద తెల్లటి వలయాలతో ఉంటుంది. పెద్ద చేపకు 1787లో పేరు పెట్టారు. పిల్ల చేపను వేరే జాతి అనుకుని 1801లో నికోబార్ పేరుమీద ఇంకో శాస్త్రీయ నామం ఇచ్చారు. రెండూ ఒకటేనని తర్వాత తేలింది. కోరిస్ ర్యాస్‌లలో ఈ మార్పు ఇంకా తీవ్రం. కోరిస్ ఐగులా పిల్ల తెల్లటి ఒంటిమీద రెండు నారింజ మచ్చలతో వేలెడంత ఉంటుంది, క్లౌన్ కోరిస్ అని అమ్ముతారు. పెద్ద మగ చేప ముదురు ఆకుపచ్చ రంగుకు మారి 120 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. పాంథర్ గ్రూపర్ కూడా అంతే. తెల్లటి ఒంటిమీద నల్లచుక్కలున్న ఆ చిన్న చేప 70 సెంటీమీటర్ల దాకా పెరిగి, నోట్లో పట్టే ప్రతి చేపనూ మింగుతుంది. లేబుల్ మీద "స్మాల్" అని ఉంటే అది ఈరోజు సైజు మాత్రమే.

ఆడ, మగ చేపలు వేరే రంగుల్లో ఉండటం మరో చిక్కు. లైర్‌టెయిల్ ఆంథియాస్, అంటే సూడాంథియాస్ స్క్వామిపిన్నిస్‌లో ఆడవి నారింజ రంగులో, మగవి ఊదా-గులాబీ ఛాయలో, వీపుమీద పొడుగాటి ముల్లుతో ఉంటాయి. రెండు రకాల చేపలనుకుని కొనేవాళ్లున్నారు. గుంపులో మగది పోతే ఆడవాటిలో ఒకటి మగగా మారుతుంది కూడా.

టాంగ్‌ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడ పేరు పొరపాటు చాలా ఖరీదైనది. "పౌడర్ బ్రౌన్ టాంగ్" అనే పేరుతో అకాంథురస్ జపానికస్‌ను, అకాంథురస్ నైగ్రికాన్స్‌ను కూడా అమ్ముతారు. జపానికస్‌కు కంటి కింద మొదలైన తెల్లటి పట్టీ మూతి దాకా వస్తుంది, వీపు రెక్క వెనక భాగంలో ఎర్రటి గీత ఉంటుంది. నైగ్రికాన్స్‌కు కంటి కింద చిన్న తెల్లమచ్చ మాత్రమే ఉంటుంది, ఆ ఎర్ర గీత ఉండదు. పెంచేవాళ్ల అనుభవంలో జపానికస్ కాస్త తేలిగ్గా కుదురుకుంటుంది, నైగ్రికాన్స్ మేతకు అలవాటు పడటం, జబ్బుల్ని తట్టుకోవడం కష్టం. ఒకే పేరు కింద రాసిన సలహా చదివి రెండో దాన్ని తెచ్చుకుంటే మీరు చదివిందంతా వృథా.

"బ్లూ టాంగ్" అంటే మన ఆక్వేరియంలలో ఎక్కువగా పారాకాంథురస్ హెపాటస్. రీగల్ టాంగ్, హిప్పో టాంగ్, పాలెట్ సర్జన్ ఫిష్ అన్నీ ఇదే. అట్లాంటిక్‌లో ఇంకో బ్లూ టాంగ్ ఉంది, అకాంథురస్ సెరులియస్. దాని పిల్లలు నిండు పసుపు రంగులో ఉంటాయి, అందుకని యెల్లో టాంగ్ అనే జెబ్రసోమా ఫ్లావెసెన్స్ అని పొరబడే అవకాశం ఉంది. యెల్లో టాంగ్ మూతి కోసుగా సాగి ఉంటుంది, వీపు రెక్క ఎత్తుగా తెరచాపలా లేస్తుంది. ఆ రెండూ లేకపోతే అనుమానించండి.

ఇంకోరకం మోసం చేపలే చేస్తాయి. మిమిక్ టాంగ్, అంటే అకాంథురస్ పైరోఫెరస్, చిన్నప్పుడు సెంట్రోపైజీ జాతి మరుగుజ్జు ఏంజెళ్ల రంగునే కాదు, ఆకారాన్ని కూడా అనుకరిస్తుంది. లెమన్‌పీల్ ఏంజెల్‌లా పసుపుగా ఉండే పిల్లలు పెద్దయ్యాక గోధుమరంగు టాంగ్‌లు అవుతాయి. చూడాల్సింది ముల్లు ఎక్కడుందని. ఏంజెల్‌కు చెంప కింద, మొప్ప మూత అంచున వెనక్కి తిరిగిన ముల్లు ఉంటుంది. టాంగ్‌కు చెంప నున్నగా ఉంటుంది, దాని కత్తిలాంటి ముల్లు తోక మొదట్లో ఉంటుంది. రంగు మారొచ్చు, ఈ ముల్లు చోటు మారదు.

క్లీనర్ ర్యాస్ కొనేవాళ్లు మూతి చూడాలి. లాబ్రాయిడిస్ డిమిడియేటస్ ఇతర చేపల ఒంటిమీది పరాన్నజీవుల్ని ఏరి తింటుంది. దాన్ని అచ్చుగుద్దినట్టు అనుకరించే ఆస్పిడాంటస్ టీనియేటస్ నిజానికి బ్లెన్నీ, శుభ్రం చేయించుకోవడానికి వచ్చిన చేపల రెక్కల్ని కొరుకుతుంది. నిజమైన క్లీనర్‌కు నోరు మూతి చివర ఉంటుంది. దొంగ క్లీనర్‌కు నోరు ముక్కు కిందికి, సొరచేపకు ఉన్నట్టు, లోపలికి ఉంటుంది.

మీ క్లౌన్ ఫిష్ ప్రశ్నకు ఇంత టెన్షన్ అక్కర్లేదు. పెర్కులా, ఓసెల్లారిస్ రెండు వేర్వేరు జాతులే. యాంఫిప్రియాన్ ఓసెల్లారిస్ అండమాన్ నుంచి ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ మీదుగా వాయవ్య ఆస్ట్రేలియా వరకు ఉంటుంది. యాంఫిప్రియాన్ పెర్కులా న్యూ గినీ, సోలమన్ దీవులు, క్వీన్స్‌లాండ్ వైపు చేప. ఓసెల్లారిస్ వీపు రెక్కలో సాధారణంగా 11 ముళ్లు, పెర్కులాకు 10 ఉంటాయి. పెర్కులాకు తెల్ల పట్టీల పక్కన నలుపు మందంగా, కన్ను నారింజగా మెరుస్తూ ఉంటుంది. అమ్మకంలో "ఫాల్స్ పెర్కులా" అంటే ఓసెల్లారిస్. దాన్నే కుదించి పెర్కులా అని రాయడం వల్ల మీరు చూసిన తేడా వచ్చింది. ట్యాంకుల్లో పెంచినవాటిలో రెండింటి సంకరాలు కూడా ఉన్నాయి. రెండింటి మేత, సైజు, స్వభావం దాదాపు ఒకటే కాబట్టి పెంపకంలో పెద్ద తేడా రాదు. జత కట్టించి పిల్లలు తీయాలనుకుంటే మాత్రం జాతి తేల్చుకోండి, సంకరాలను జాతి పేరుతో ఇంకొకరికి ఇవ్వడం ఈ గందరగోళాన్ని పెంచడమే. ఇక స్నోఫ్లేక్, పికాసో, ప్లాటినం అన్నవి జాతులు కావు, పెంపకంలో ఎంచి తీసిన రంగు రకాలు.

అయితే శాస్త్రీయ నామం రాసి ఉంటే సరిపోతుందా? సరిపోదు. వాడుక పేరు కంటే అది ఎన్నో రెట్లు నయం, ఎందుకంటే 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పుస్తకంతో మొదలైన పద్ధతిలో ఒక జాతికి చెల్లే పేరు ఒక్కటే, దానికి అంతర్జాతీయ నియమావళి ఉంది. కానీ పరిశోధన పెరిగితే ఆ పేర్లూ మారతాయి. మెరూన్ క్లౌన్‌ను చాలాకాలం ప్రెమ్నాస్ బయాక్యులియేటస్ అన్నారు, ఇప్పుడు దాన్ని యాంఫిప్రియాన్ ప్రజాతిలోనే (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు, శాస్త్రీయ నామంలో మొదటి మాట) చేరుస్తున్నారు. పాత లేబుల్, కొత్త లేబుల్ పక్కపక్కన చూస్తే రెండు చేపలనుకుంటాం. పేరు చివర "ఎస్పీ" అని ఉంటే ప్రజాతి తెలుసు, జాతి తేలలేదని అర్థం. "సీఎఫ్" అంటే ఫలానా జాతిలా ఉంది, నిర్ధారణ కాలేదని. ఇవి నిజాయితీ ఉన్న లేబుళ్లు, వీటిని చూసి జంకకండి. అనుమానించాల్సింది అన్నిటికీ ఒకటే పేరు అంటించినప్పుడు. సముద్రపు గుర్రాలకు అలా హిప్పోకాంపస్ కుడా అన్న పేరు అంటించేస్తుంటారు. 2004 నుంచి వాటి అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) నియంత్రణలో ఉంది, కాబట్టి అక్కడ సరైన పేరు చట్టం విషయం కూడా.

నేను పాటించే పద్ధతి ఇది. వాడుక పేరు వినగానే శాస్త్రీయ నామం అడుగుతాను. ఆ పేరును ఫిష్‌బేస్ అనే ఆన్‌లైన్ చేపల సమాచార నిధిలో వెతుకుతాను. పాత పేరు ఇచ్చినా అది ఇప్పుడు చెల్లే పేరు దగ్గరికి తీసుకెళుతుంది, గరిష్ఠ పొడవు, మేత, ఉండే ప్రాంతం చెబుతుంది. పేర్ల చరిత్రలో చిక్కు వస్తే కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ల ఎష్‌మేయర్ కేటలాగ్, అంటే చేపల శాస్త్రీయ నామాల జాబితా, చూస్తాను. ఆ తర్వాతే చేపను చూస్తాను, అదీ రంగుతో మొదలుపెట్టను. నోరు ఎక్కడుంది, ముల్లు ఎక్కడుంది, మీసాలున్నాయా, వీపు రెక్క ఎలా ఉంది అన్నవి ముందు. భయపడిన చేప, నిద్రలో ఉన్న చేప పాలిపోతుంది, నీలి లైట్ల కింద ఊదా ఏదో నీలం ఏదో తేలదు. అందుకే తెల్ల లైటు వేయించుకుని, పక్క నుంచి ఫోటో తీసుకుని, ఇంటికెళ్లి పోల్చుకుని, మర్నాడు నిర్ణయించుకోవడం మంచిది. చేప ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడగండి. కరీబియన్ చేప అని చెప్పి పసిఫిక్ నుంచి వచ్చిందంటే పేరో ఊరో ఒకటి తప్పు. కానీ సరుకు పంపిన దేశం, చేప పట్టిన చోటు ఒకటే కానక్కర్లేదు, అది కూడా విడిగా అడగాలి. "అసార్టెడ్ డామ్సెల్" లాంటి లేబుల్ ఉంటే, ఆ తొట్టిలోంచి ఏ చేప మీ సంచిలోకి వస్తోందో మీరే వేలుపెట్టి చూపించి తీసుకోండి, ఎందుకంటే యెల్లోటెయిల్ డామ్సెల్‌కు, డామినో డామ్సెల్‌కు స్వభావంలో చాలా తేడా ఉంది.

మీ ఊదా-పసుపు చేపను తెల్ల లైటులో, వీపు రెక్క విప్పినప్పుడు పక్క నుంచి ఒక ఫోటో తీసి పెట్టండి. తల భాగం, రెండు రంగులు కలిసే చోటు స్పష్టంగా పడితే చాలు, చూసి చెబుతాను.